కార్లో అబార్త్

కార్లో అబార్త్ (నవంబర్ 15, 1908 - అక్టోబర్ 24, 1979) ఆస్ట్రియాలో జన్మించి ఇటలీలో స్థిరపడిన మోటారు సైకిల్ పందెగాడు, వాహన రూపకర్త మరియు పారిశ్రామికవేత్త. ఇతని అసలు పేరు కార్ల్ అబార్త్. ఇటలీ పౌరుడైన తరువాత కార్లో అయ్యాడు. కర్మాగారంలో తయారై వచ్చిన మామూలు కారుకు, కొన్న తరువాత బయట నుండి తెచ్చి అమర్చుకొనే భాగాలను, అనగా సైలెన్సర్లు, కార్బురేటర్లు, గాలి లోపలికి పోయే గొట్టాలు మొదలైన వాటిని ఒక పెద్ద వ్యాపారంగా మలచినవారిలో ఇతడు ముఖ్యుడు. ఇతడు స్థాపించిన అబార్త్ అండ్ కంపెనీ ఫియట్ సంస్థ యొక్క చిన్న కార్లను పందెపు కార్లుగా మార్చి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఈ సంస్థ గుర్తు తేలు.

అబార్త్ పేరు వినగానే చాలామంది ఇతడు కార్ల తయారీదారు అనుకుంటారు. అది కొంతవరకే నిజం. ఇతని కార్లలో అధిక భాగం వేరొకరు తయారు చేసిన కార్లే. ఆ కార్లకు ఊపిరి పీల్చుకోవడం, వదలడం నేర్పినవాడు అబార్త్ అంటే సరిగ్గా సరిపోతుంది.

బాల్యం, తొలి ఉద్యోగాలు

అబార్త్ ఆనాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్య రాజధాని వియన్నా నగరంలో జన్మించాడు. పితృవంశం వారిది ఇప్పుడు ఉత్తర ఇటలీలో ఉన్న మెరానో పట్టణం. పదేళ్ళ వయసు వచ్చేసరికి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి, ఆ సామ్రాజ్యమే లేకుండా పోయింది. చిన్ననాటి నుండి చక్రాలున్న ప్రతి వస్తువు మీద ఇతనికి ఆసక్తి ఉండేది. చదువు కంటే పనిముట్ల మీద మనసు ఎక్కువ. 1925 నుండి రెండేళ్ళ పాటు ఇటలీలో కాస్తాన్యా అనే సంస్థలో సైకిళ్ళు, మోటారు సైకిళ్ళ చట్రాల పనిలో చేరాడు. 1927లో వియన్నాకు తిరిగి వచ్చి మోటార్ థున్ అనే మోటారు సైకిల్ సంస్థలో మెకానిక్‌గా కుదిరాడు.

ఇక్కడ జరిగిన ఒక సంఘటన ఇతని స్వభావాన్ని తెలుపుతుంది. సంస్థ తరఫున పోటీ చేయవలసిన పందెగాడు అందుబాటులో లేకపోవడంతో మెకానిక్ అయిన అబార్త్‌కు బండి నడిపే అవకాశం వచ్చింది. అభ్యాస పరుగులలో ఇతడు అందరికంటే వేగంగా నడిపాడు. అసలు పందెంలో మాత్రం ఇతని ఇంజను మొరాయించింది. సాటి ఉద్యోగులే తన బండిని కావాలని పాడు చేశారని అబార్త్ అనుమానించి ఉద్యోగం మానివేశాడు. ఆ అనుమానం నిజమో కాదో తేలలేదు గాని, అప్పటి నుండి తన ఇంజనును మరొకరి చేతిలో పెట్టడానికి ఇష్టపడేవాడు కాదు.

మోటారు సైకిల్ పందేలు, రైలుతో పోటీ

పాత జేమ్స్ మోటారు సైకిల్‌ను స్వయంగా బాగు చేసుకొని 1928 జూలై 29న సాల్జ్‌బర్గ్‌లో అబార్త్ తన మొదటి విజయం సాధించాడు. మరుసటి సంవత్సరం తన పేరుతోనే ఒక మోటారు సైకిల్‌ను నిర్మించాడు. అబార్త్ అనే పేరు మోసిన మొదటి వాహనం ఇదే. కొద్ది కాలానికి లింజ్ నగరంలో జరిగిన ప్రమాదంలో తీవ్రంగా గాయపడి, ఒంటరిగా నడిపే మోటారు సైకిల్ పందేలను విరమించాడు. అయితే పందేలను పూర్తిగా వదలక, 1933లో తన సొంత ఆలోచనతో ఒక సైడ్‌కార్ తయారు చేశాడు.

ఆ సైడ్‌కార్‌కు ప్రచారం కావాలి. అందుకోసం అబార్త్ ఎంచుకున్న మార్గం ఆ రోజుల్లో ఐరోపా అంతటా చర్చనీయాంశమైంది. 1934లో బెల్జియం తీరంలోని ఓస్టెండ్‌కు, వియన్నాకు మధ్య సుమారు 1,300 కిలోమీటర్ల దూరం ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలుతో పోటీ పడ్డాడు. మొదటి ప్రయత్నంలో విద్యుత్ సంబంధమైన లోపం వలన రైలే ముందు చేరింది. కొద్ది రోజుల తరువాత మళ్ళీ ప్రయత్నించి రైలు కంటే ముందే గమ్యం చేరాడు. అప్పటి రోడ్ల స్థితి తలచుకుంటే, సైడ్‌కార్‌తో ఇంత దూరం ఒక్క బిగిన నడపడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

యుగోస్లావియాలో

1930 దశకం చివరలో యుగోస్లావియాలో జరిగిన ఒక పందెంలో అబార్త్ మరలా పెద్ద ప్రమాదానికి గురయ్యాడు. చాలాకాలం ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. పందెగాడిగా ఇతని జీవితం అంతటితో ముగిసింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలమంతా ఇప్పటి స్లోవేనియా రాజధాని ల్యూబ్ల్యానాలో గడిపాడు. పెట్రోలు కరువైన ఆ రోజులలో, పెట్రోలుతో నడిచే ఇంజన్లను కిరోసిన్‌తో నడిచేటట్లు మార్చే పని చేశాడు. ఇంధనం మారితే గాలితో దాని పాలు మారాలి, అందుకు తగ్గట్టు కార్బురేటర్‌ను, గొట్టాలను సవరించాలి. తరువాతి కాలంలో ఇతనికి కోట్లు తెచ్చిపెట్టిన విద్యకు అక్షరాభ్యాసం ఇక్కడే జరిగిందని ఈ వ్యాస రచయిత అభిప్రాయం.

చిసిటాలియా కాలం

యుద్ధం ముగిసిన తరువాత అబార్త్ తన పూర్వీకుల ఊరైన మెరానో చేరాడు. పోర్షే కుటుంబంతో ఇతనికి యుద్ధానికి ముందు నుండి పరిచయం ఉంది. ఫెర్డినాండ్ పోర్షే అప్పుడు ఫ్రాన్సులో నిర్బంధంలో ఉన్నాడు. ఇంజనీరు రుడాల్ఫ్ హ్రుస్కాతో కలిసి అబార్త్, పోర్షే కార్యాలయానికి, ట్యూరిన్ పారిశ్రామికవేత్త పియెరో దూజియోకు మధ్య వారధిగా నిలిచాడు. దూజియోకు చెందిన చిసిటాలియా సంస్థ కోసం పోర్షే కార్యాలయం టైప్ 360 అనే పందెపు కారును రూపొందించింది. 12 సిలిండర్లు, సూపర్‌చార్జర్, నాలుగు చక్రాలకు శక్తి అందే ఏర్పాటు కలిగిన ఈ కారు ఆ కాలానికి చాలా ముందున్నది. దాని కోసం దూజియో చెల్లించిన సొమ్ము పోర్షే విడుదలకు తోడ్పడింది. కాని ఆ కారు ఖర్చును చిసిటాలియా భరించలేకపోయింది. సంస్థ దివాలా తీసింది. దూజియో అర్జెంటీనా వెళ్ళిపోయాడు.

చిసిటాలియాలో క్రీడా విభాగాన్ని నడుపుతున్న అబార్త్‌కు రావలసిన డబ్బు రాలేదు. దానికి బదులుగా కొన్ని పందెపు కార్లు, సగం తయారైన కార్లు, విడిభాగాలు చేతికి వచ్చాయి. నలభై ఏళ్ళ వయసులో, రెండు ప్రమాదాలు, ఒక యుద్ధం, ఒక దివాలా చూసిన మనిషికి మిగిలిన ఆస్తి అదే.

తేలు గుర్తు సంస్థ

1949 మార్చి 31న బొలోన్యా నగరంలో అబార్త్ అండ్ కంపెనీ ఏర్పడింది. పెట్టుబడి పెట్టినవాడు అర్మాందో స్కాల్యారిని. ఇతని కుమారుడు గ్విదో చిసిటాలియా కార్లతో పందేలలో పాల్గొన్నవాడే. అబార్త్ జన్మరాశి వృశ్చికం కావడంతో సంస్థకు తేలును గుర్తుగా పెట్టుకున్నాడు. 1951లో సంస్థ ట్యూరిన్‌కు మారింది. ఫియట్ కర్మాగారాలు ఉన్న ఊరు అదే కాబట్టి ఈ మార్పు సహజమే.

తొలి సంవత్సరంలోనే సంస్థకు గొప్ప పేరు వచ్చింది. ఇటలీ ప్రజలు ఆరాధించిన పందెగాడు తాజియో నువోలారి 1950 ఏప్రిల్ 10న సిసిలీలోని పలెర్మో - మోంటే పెల్లెగ్రినో కొండ పందెంలో అబార్త్ 204 ఎ కారు నడిపి తన తరగతిలో ప్రథముడిగా నిలిచాడు. నువోలారి పాల్గొన్న చివరి పందెం ఇది.

అయితే పందేలు గెలిస్తే పేరు వస్తుంది గాని జీతాలు రావు. సంస్థను పోషించినవి విడిభాగాలు. ఫియట్ టోపోలినో కారుకు గేరు లివరు, తరువాత ఇంటేక్ మానిఫోల్డ్‌లు, అన్నిటికంటే ముఖ్యంగా సైలెన్సర్లు.

అబార్త్ సైలెన్సరు

ఆ రోజులలో కార్ల కర్మాగారాలు అమర్చే సైలెన్సర్లలో పొగ అడ్డు పలకల మధ్య మలుపులు తిరిగి బయటకు వచ్చేది. శబ్దం తగ్గేది గాని, ఆ అడ్డంకుల వలన ఇంజను శక్తిలో కొంత పొగను నెట్టడానికే ఖర్చయ్యేది. అబార్త్ సైలెన్సరులో పొగ చిల్లులున్న తిన్నని గొట్టం గుండా నేరుగా పోతుంది. గొట్టం చుట్టూ గాజు నూలు కూరబడి ఉంటుంది. శబ్ద తరంగాలు చిల్లుల గుండా ఆ నూలులోకి పోయి బలహీనపడతాయి. పొగకు మాత్రం అడ్డు ఉండదు. నల్లని గరుకు రంగు, వెనుక మెరిసే క్రోమియం గొట్టాలు, కొంచెం బొంగురైన ధ్వని దీని ప్రత్యేకతలు.

ఇటలీలో 1950లలో కారు కొనడమే మధ్యతరగతి వారికి పెద్ద విషయం. క్రీడా కారు కొనే స్తోమత కొద్దిమందికే ఉండేది. సైలెన్సరు మాత్రం చాలామంది కొనగలిగారు. 1962 నాటికి సంస్థలో 375 మంది పని చేస్తూ సంవత్సరానికి రెండున్నర లక్షలకు పైగా సైలెన్సర్లు తయారు చేసేవారు. అందులో సగానికి మించి విదేశాలకు ఎగుమతి అయ్యేవి.

ఇంజను ఊపిరి

అబార్త్ చేసిన పనిని అర్థం చేసుకోవాలంటే ఇంజనును గాలి పంపుగా చూడాలి. నాలుగు ఘట్టాల ఇంజనులో పిస్టన్ కిందికి దిగేటప్పుడు గాలిని, పెట్రోలును కలిపి లోపలికి పీల్చుకొంటుంది. పైకి లేచేటప్పుడు దానిని నొక్కుతుంది. మండిన వాయువు పిస్టన్‌ను కిందికి తోస్తుంది. తరువాత పొగ బయటకు పోతుంది. సుమారు 15 గ్రాముల గాలికి ఒక గ్రాము పెట్రోలు చొప్పున మండుతుంది. పెట్రోలు ఎక్కువ పోయడం చాలా సులభం. దానికి తగిన గాలిని లోపలికి పంపడమే కష్టం. అందుచేత ఇంజను శక్తి ప్రధానంగా అది పీల్చుకోగల గాలి మీద ఆధారపడి ఉంటుంది.

గాలి దారిలో నాలుగు ఇరుకులు ఉంటాయి. దుమ్మును ఆపే ఎయిర్ ఫిల్టర్ మొదటిది. గాలిలో పెట్రోలును కలిపే కార్బురేటర్ గొంతు రెండవది. మిశ్రమాన్ని సిలిండర్లకు చేర్చే ఇంటేక్ మానిఫోల్డ్ మూడవది. చివరిది సిలిండరు తలలోని కవాటం. వీటిలో మొదటి మూడింటిని ఇంజను విప్పకుండానే మార్చవచ్చు. అందుకే కారు కొన్న తరువాత అమర్చుకొనే భాగాలలో ఇవి ముందుంటాయి.

ఇక్కడ ఒక అపోహ ఉంది. గొంతు ఎంత పెద్దదైతే అంత మంచిదని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. గొట్టం మరీ వెడల్పైతే తక్కువ వేగంలో గాలి నెమ్మదిగా కదులుతుంది. పెట్రోలు సన్నని తుంపరగా మారదు. బండి ఊళ్ళో నత్తలా నడిచి, హైవే మీద మాత్రమే పరుగెత్తుతుంది. అంతేకాక గాలి ఎక్కువైనప్పుడు పెట్రోలు జెట్‌లను కూడ పెద్దవి చేయాలి. లేనియెడల మిశ్రమం పలచబడి ఇంజను విపరీతంగా వేడెక్కుతుంది, పిస్టన్ కాలిపోయే ప్రమాదమూ ఉంది. ఫిల్టరును ఇంజను పక్కన వేడి గాలి పీల్చేటట్లు పెడితే లాభం పోగా నష్టం వస్తుంది. ఎందుకంటే వేడి గాలి పలచన, దానిలో ప్రాణవాయువు తక్కువ. ఒక భాగాన్ని మార్చి మిగిలినవి వదిలేయడం తప్పని అబార్త్ గ్రహించాడు. కార్బురేటర్, మానిఫోల్డ్, సైలెన్సరు, పిస్టన్లు ఒకదానికొకటి సరిపోయేటట్లు లెక్క కట్టి, అన్నిటినీ కలిపి ఒకే సామగ్రిగా అమ్మడం ఇతని వ్యాపార రహస్యం.

ఫియట్ 600

1955లో ఫియట్ సంస్థ 600 అనే చిన్న కారును విడుదల చేసింది. వెనుక ఇంజను, 633 ఘన సెంటీమీటర్ల పరిమాణం, 20 అశ్వశక్తికి కొంచెం పైన. కుటుంబ ప్రయాణాలకు ఉద్దేశించిన కారు. అబార్త్ ఈ ఇంజను సిలిండర్ల వ్యాసాన్ని 60 నుండి 61 మిల్లీమీటర్లకు, పిస్టన్ ప్రయాణాన్ని 56 నుండి 64 మిల్లీమీటర్లకు పెంచి 747 ఘన సెంటీమీటర్లు చేశాడు. పెద్ద వెబర్ కార్బురేటర్, తన సైలెన్సరు అమర్చాడు. శక్తి 40 అశ్వశక్తిని దాటింది. పరిమాణం ఆరింట ఒక వంతు కంటే కొద్దిగా మాత్రమే పెరగగా శక్తి దాదాపు రెట్టింపైంది. పెరిగిన శక్తిలో అధిక భాగం పరిమాణం వలన కాక శ్వాస వలన వచ్చిందని ఈ లెక్కే చెబుతుంది.

ఇదే ఇంజనుతో బెర్తోనే సంస్థ నిర్మించిన గాలిని చీల్చే ఆకారపు కారు 1956 జూన్‌లో మోంజా పందెపు బాటపై 24 గంటలలో 3,740 కిలోమీటర్లకు పైగా, గంటకు సగటున 156 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తింది. జగాటో సంస్థ నిర్మించిన 750 కారు మరింత ప్రసిద్ధం. పైకప్పు మీద రెండు బుడగల వంటి ఉబ్బులు దీని గుర్తు. కారు చాలా పొట్టిది కావడం వలన డ్రైవరు, పక్కన కూర్చున్నవాడి తలలు తగలకుండా చేసిన ఏర్పాటు అది. అమెరికాలో ఈ కార్లను దిగుమతి చేసినవాడు మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కుమారుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ జూనియర్.

తరువాత వచ్చిన 850 టి.సి., 1000 టి.సి. కార్లు పందేలలో వెనుక ఇంజను మూతను తెరిచి పెట్టుకొని పరుగెత్తేవి. కొత్తగా చూసేవారు మూత వేయడం మరచారని అనుకొనేవారు. ఇంజను చల్లబడడానికి, వెనుక గాలి ప్రవాహం మెరుగుపడడానికి అలా చేసేవారు. మామూలు కారు నడిపే కుర్రవాళ్ళు కూడ దీన్ని అనుకరించి తమ ఫియట్ 600 మూతకు కర్రపుల్ల ఆనించుకు తిరిగేవారట!

ఫియట్ 500 మరియు 595

1957లో వచ్చిన ఫియట్ 500 ఇంకా చిన్నది. రెండే సిలిండర్లు, 479 ఘన సెంటీమీటర్లు, 13 అశ్వశక్తి. మొదట్లో ప్రజలు దీనిని పెద్దగా ఆదరించలేదు. మరీ బలహీనమైనదని పేరు పడింది. 1958 ఫిబ్రవరిలో అబార్త్ మెరుగుపరచిన ఒక 500 కారు మోంజాలో ఏడు రోజులు, ఏడు రాత్రులు ఆగకుండా నడిచి 18,186 కిలోమీటర్లు తిరిగింది. సగటు వేగం గంటకు 108 కిలోమీటర్లు. బలహీనమన్న కారు వారం రోజులు ఇంత వేగంతో నడవడం ఫియట్ యాజమాన్యానికి కూడ ఆశ్చర్యం కలిగించింది. దీని తరువాత అబార్త్ సాధించే విజయాలకు, రికార్డులకు ఫియట్ డబ్బు చెల్లించే ఒప్పందం కుదిరింది.

1963లో వచ్చిన ఫియట్ అబార్త్ 595 ఇతని పద్ధతికి చక్కని ఉదాహరణ. దీనికి ఆధారమైన ఫియట్ 500 డి కారు 499.5 ఘన సెంటీమీటర్ల ఇంజను, 26 మిల్లీమీటర్ల వెబర్ కార్బురేటర్‌తో 17.5 అశ్వశక్తి ఇచ్చేది. అబార్త్ సిలిండరు వ్యాసాన్ని 73.5 మిల్లీమీటర్లకు పెంచి 594 ఘన సెంటీమీటర్లు చేశాడు. 28 మిల్లీమీటర్ల సోలెక్స్ కార్బురేటర్ పెట్టాడు. శక్తి 27 అశ్వశక్తికి, వేగం గంటకు 120 కిలోమీటర్లకు పెరిగింది. మరుసటి ఏడు వచ్చిన 595 ఎస్.ఎస్. కారులో ఇంజను పరిమాణం అదే. ముఖ్యమైన మార్పు గాలి దారిలోనే జరిగింది. 34 మిల్లీమీటర్ల కార్బురేటర్, దానికి తగిన మానిఫోల్డ్ వచ్చాయి. శక్తి 32 అశ్వశక్తి అయింది. వేగం 130 కిలోమీటర్లు.

ఈ అంకెలను కొంచెం పరిశీలిద్దాం. 594 ఘన సెంటీమీటర్ల ఇంజను నిమిషానికి 5,000 సార్లు తిరిగితే 2,500 సార్లు గాలి పీల్చుకొంటుంది. సిలిండర్లు పూర్తిగా నిండాయనుకుంటే నిమిషానికి సుమారు 1,485 లీటర్లు. ఇంత గాలీ కార్బురేటర్ గొంతు గుండానే పోవాలి. 26 మిల్లీమీటర్ల గొంతు వైశాల్యం 531 చదరపు మిల్లీమీటర్లు, 34 మిల్లీమీటర్లది 908. వ్యాసంలో తేడా చిటికెన వేలి మందం కంటే తక్కువే అయినా వైశాల్యం 70 శాతం పెరిగింది. ఐదు అశ్వశక్తి అంటే ఇప్పటి వారికి నవ్వు రావచ్చు. 27 ఉన్న కారుకు అది ఆరింట ఒక వంతుకు మించిన లాభం.

595 కారు ఇంజను కింద పెద్ద అల్యూమినియం నూనె తొట్టి ఉండేది. వెనుక బంపరు కింద నుండి అది కనిపించేది, దాని మీద అబార్త్ పేరు పోత పోసి ఉండేది. శక్తి పెరిగితే వేడి పెరుగుతుంది, వేడిని మోసుకుపోవడానికి నూనె ఎక్కువ కావాలి. అలంకారంగా కనిపించే ఈ తొట్టి నిజానికి అవసరమే. 1964లోనే 689.5 ఘన సెంటీమీటర్ల 695 ఎస్.ఎస్. కూడ 38 అశ్వశక్తితో వచ్చింది. ఈ కార్లను పూర్తిగా కొనలేనివారు తమ 500 కారుకు కావలసిన సామగ్రిని పెట్టెగా కొనుక్కొని అమర్చుకొనేవారు.

పోర్షే, సిమ్కా

అబార్త్ ఫియట్‌తోనే ఆగలేదు. 1960లో పోర్షే 356 కరేరా కారుకు తేలికైన అల్యూమినియం శరీరాన్ని చేయించే పని ఇతనికి అప్పగించారు. ఫ్రాంకో స్కాలియోనే రూపకల్పన చేసిన ఈ కార్లు సుమారు ఇరవై తయారయ్యాయి. పందేలలో బాగా రాణించినా, మొదటి కార్లలో వాన నీరు లోపలికి కారేదని ప్రతీతి. ఫ్రాన్సుకు చెందిన సిమ్కా సంస్థతో కూడ కొన్నాళ్ళు కలిసి పని చేశాడు. ఆ సంస్థ అమెరికాకు చెందిన క్రిస్లర్ చేతిలోకి వెళ్ళిన తరువాత ఆ ఒప్పందం నిలవలేదు.

యాపిల్ పండ్లు, ఒక రికార్డు

1965 అక్టోబర్ 20న అబార్త్ స్వయంగా మోంజాలో రికార్డు ప్రయత్నానికి దిగాడు. అప్పటికి ఇతనికి 57వ ఏడు నడుస్తోంది. ఎత్తైన భారీ మనిషి. రికార్డు కోసం తయారు చేసిన ఒంటి సీటు కారులో కూర్చోవడానికి స్థలం చాలలేదు. కారును పెద్దది చేయడానికి బదులు తానే తగ్గాలని నిర్ణయించుకొని, ఎక్కువగా యాపిల్ పండ్లు తిని దాదాపు 30 కిలోల బరువు తగ్గాడని చెబుతారు. తన సంస్థ కారులో కదలని స్థితి నుండి పావు మైలు, 500 మీటర్ల దూరాలు దాటే రికార్డులను సాధించాడు. 1956 నుండి లెక్కిస్తే సంస్థ ఖాతాలో వందకు పైగా అంతర్జాతీయ రికార్డులు చేరాయి.

సంస్థ అమ్మకం

పందేల ఖర్చు సంవత్సరం సంవత్సరానికి పెరిగింది. అబార్త్ పెద్ద ఇంజన్ల వైపు దృష్టి మళ్ళించాడు. 12 సిలిండర్లు, 6 లీటర్ల ఇంజనుతో ఒక పందెపు కారు తలపెట్టాడు. 1968లో అంతర్జాతీయ నిబంధనలు మారి ఇంజను పరిమాణానికి పరిమితి వచ్చింది. ఆ శ్రమ వృథా అయింది. 1969లో ఇటలీ పరిశ్రమలన్నిటిలో సమ్మెలు చెలరేగాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అబార్త్ వ్యాపారమంతా ఇతరుల కార్ల మీద కట్టినది. ఫియట్ కారు అమ్మితేనే అబార్త్ సామగ్రి అమ్ముడవుతుంది. పందేలలో గెలిచినందుకు డబ్బు ఇచ్చేదీ ఫియటే. ఇరవై ఏళ్ళు ఈ ఆధారం ఇతన్ని నిలబెట్టింది. చివరకు అదే ఇతన్ని కట్టిపడేసింది. 1971 జూలై 31న సంస్థ ఫియట్‌కు అమ్ముడుపోయింది. కార్ల పందెపు విభాగంలో కొంత ఎన్జో ఒజెల్లా చేతికి వెళ్ళింది. తన పేరు, తన రాశి గుర్తు రెండూ ఫియట్ సొత్తు అయ్యాయి. సైడ్‌కార్ రోజులలో రైలును ఓడించిన మనిషి ఈ ఒప్పందంలో ఓడాడా, గెలిచాడా అన్నది ఇప్పటికీ అభిమానుల మధ్య వాదనగానే ఉంది. అప్పులలో మునగక ముందే బయటపడ్డాడని కొందరు, మరికొంత ఓపిక పట్టవలసిందని ఇంకొందరు వాదిస్తారు.

అబార్త్ తరువాత వియన్నా చేరాడు. 1979 అక్టోబర్ 24న తాను పుట్టిన ఆ నగరంలోనే మరణించాడు. ఆ తేదీ కూడ వృశ్చిక రాశిలోనిదే కావడం యాదృచ్ఛికం.

అబార్త్ పేరు తరువాతి కాలంలో

ఫియట్ తన ర్యాలీ కార్ల విభాగానికి అబార్త్ పేరును వాడుకొన్నది. ఫియట్ 131 అబార్త్ 1977, 1978, 1980 సంవత్సరాలలో ప్రపంచ ర్యాలీ తయారీదారుల విజేతగా నిలిచింది. 1983లో అదే ఘనత సాధించిన లాన్సియా 037 కారు అబార్త్ విభాగంలో రూపుదిద్దుకొన్నదే. దానికి గాలిని బలవంతంగా లోపలికి నెట్టే సూపర్‌చార్జర్ ఉండేది. అనగా కార్లో అబార్త్ కారు పీల్చుకొనే దారిని వెడల్పు చేయగా, ఇతని వారసులు గాలిని నెట్టడం మొదలుపెట్టారు.

2007లో అబార్త్ పేరు మళ్ళీ విడిగా మార్కెట్‌లోకి వచ్చింది. 2008లో వచ్చిన 500 అబార్త్ 135 అశ్వశక్తి కారు. దీనికి ఎస్సెస్సె అనే సామగ్రిని కొన్న తరువాత అమర్చుకొనే వీలుండేది. చెక్కపెట్టెలో వచ్చే ఆ సామగ్రిలో బి.ఎం.సి. సంస్థ తయారు చేసిన, గాలికి తక్కువ అడ్డు తగిలే ఎయిర్ ఫిల్టర్, మార్చిన కంప్యూటర్ అమరిక, కొత్త చక్రాలు, స్ప్రింగులు, బ్రేకు డిస్కులు ఉండేవి. శక్తి 160కి పెరిగేది. పాత కాలంలో జెట్ మార్చిన చోట ఇప్పుడు కంప్యూటర్ అమరిక మార్చవలసి ఉంటుంది. మిగిలిన సూత్రమంతా 595 నాటిదే.

భారతదేశంలో

బొంబాయిలో ప్రీమియర్ సంస్థ తయారు చేసిన ఫియట్ 1100, దాని రూపాంతరమైన ప్రీమియర్ పద్మిని మన రోడ్ల మీద దశాబ్దాల పాటు తిరిగాయి. ఫియట్ అంటే మన పెద్దవారికి గుర్తుకు వచ్చేది ఆ కారే. అబార్త్ పేరు మాత్రం మన దేశంలో ఆలస్యంగా వినిపించింది. 2015 ఆగస్టులో అబార్త్ 595 కొంపెటిజియోనే కారును దిగుమతి చేసి ఇక్కడ విడుదల చేశారు. అదే ఏడు అక్టోబరులో 145 అశ్వశక్తితో అబార్త్ పుంటో దాదాపు 10 లక్షల రూపాయల ధరకు వచ్చింది. ఆ ధరలో అంత శక్తి గల చిన్న కారు అప్పటికి మరొకటి లేదు. అయినా అమ్మకాలు స్వల్పమే. 2020 నాటికి ఫియట్ పేరుతో కార్ల అమ్మకమే మన దేశంలో నిలిచిపోయింది.

2023లో అబార్త్ 500 ఇ అనే విద్యుత్ కారు ఐరోపా మార్కెట్‌లోకి వచ్చింది. దీనికి ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్, మానిఫోల్డ్, సైలెన్సరు ఏవీ లేవు. అభిమానుల కోసం కారు బయట ఒక స్పీకరును అమర్చి, పాత అబార్త్ పెట్రోలు ఇంజను సైలెన్సరు ధ్వనిని దాని గుండా వినిపించే ఏర్పాటు చేశారు.